జీతం పుచ్చుకోని దొంగ

మహాకావ్యాలు దాచిన మాట ఒక్కొక్కప్పుడు రైల్లో చదివి పారేసే కథలో బయటపడుతుంది. ఇ. డబ్ల్యు. హార్నంగ్ 1899లో ప్రకటించిన రాఫిల్స్ కథలు ఇందుకు మంచి ఉదాహరణ.

రాఫిల్స్ పేరుమోసిన క్రికెట్ ఆటగాడు. పగలు ధనికుల ఇళ్లలో అతిథి; రాత్రి వాళ్ల నగలకే దొంగ.

ఆనాటి ఇంగ్లీషు క్రికెట్‌లో రెండు కులాలుండేవి. డబ్బు పుచ్చుకోకుండా ఆడేవారు ‘జెంటిల్మెన్’. కూలికి ఆడేవారు ‘ప్లేయర్స్’. వారి గదులు వేరు; స్కోరుకార్డుమీద పేరు వ్రాసే తీరు సైతం వేరు. ఈ రెండు జట్ల మధ్య 1806లో మొదలైన పోటీలు 1962 దాకా సాగాయి.

ఆ పోటీ పేరే పెట్టిన కథ ఒకటున్నది. ఒక ప్రభువు తన భవనంలో క్రికెట్ ఆడడానికి రాఫిల్స్‌ను పిలుస్తాడు. కేవలం ఆటకోసం పిలిచి తనను కూలి ఆటగాడిలా చూశారని అతనికి రోషం. అక్కడ ఒక అతిథి హారం కోసం వృత్తి దొంగలు కూడ పొంచి ఉంటారు. చివరకు హారం రాఫిల్స్‌కు దక్కుతుంది, నేరం వృత్తి దొంగలకు చుట్టుకుంటుంది. పాఠకుడు సంతోషిస్తాడు! పొట్టకోసం దొంగిలించేవాడు నీచుడు, సరదాకు దొంగిలించేవాడు వీరుడు అన్నమాట.

కాని రాఫిల్స్‌కు మాత్రం వేరే ఆదాయమేది? అతను బ్రతికేదీ దొంగసొత్తు మీదనే. తన రాబడి ఎక్కడినుంచి వస్తున్నదో చెప్పనక్కర లేకపోవడమే పెద్దమనిషి హోదా. మైదానంలో జరిగిందీ ఇదే. డబ్ల్యు. జి. గ్రేస్ ‘జెంటిల్మన్’గా ఉంటూనే కూలి ఆటగాళ్లను మించి ఆర్జించాడు.

జార్జ్ ఆర్వెల్ 1944లో ఈ కథలను కొంత మెచ్చుకున్నాడు. రాఫిల్స్‌కు మతం లేకపోయినా కొన్ని మర్యాదలున్నాయనీ, తర్వాతి కాలపు రక్తపాత నవలలకు అవి కూడ లేవనీ అతని వాదం. ఇందులో నిజమున్నది. రాఫిల్స్ తోటి అతిథిని దోచినా ఆతిథ్యమిచ్చినవాణ్ణి దోచడు. అయితే ఆ మర్యాద విందుశాల గడప దాటి వస్తుందా? 1901 నాటి రెండవ సంపుటం చివర హార్నంగ్ తన దొంగను దక్షిణాఫ్రికాకు, బోయర్ యుద్ధానికి పంపి, అక్కడ వీరమరణం కల్పించాడు. ఒక హారం దొంగిలించిన పాపం, బంగారు గనులున్న దేశాన్ని సామ్రాజ్యంలో కలుపుకునే యుద్ధంలో కడుక్కుపోయింది! చిన్న దొంగతనానికి ప్రాయశ్చిత్తం పెద్ద దొంగతనం.

ఈ కథలు చదవవద్దని మనం అనవద్దు; వాటి నేర్పు నిజమైనది. ‘జెంటిల్మన్’ అనే వర్గీకరణను క్రికెట్ అధికారులు 1962లో రద్దు చేశారు. శ్రమకు కూలి అడిగినవాణ్ణి తక్కువగా చూసే బుద్ధి ఏ తీర్మానంతోనూ రద్దు కాదు. కథ చదివి రాఫిల్స్ గెలవాలని కోరుకున్నప్పుడు, ఆ కోరిక ఎవరి పక్షాన నిలబడుతున్నదో పాఠకుడు తనను తాను ప్రశ్నించుకోవాలి.