దూలము చెప్పని సాక్ష్యము

గత మంగళవారము గుడివాడలో మా తాతగారి పాతయిల్లు విప్పగా దిగిన టేకుదూలమును అడితికి చేర్చి, రంపమునకెక్కించిన వెనుక, కోసిన ముఖమున తేరిన వలయములను చూచి పని మాన్పించి, గుండుసూది చేతబూని లెక్కింప గూర్చుంటిని. నూటపద్నాలుగు వచ్చినవి. “బాబుగారూ, కరెంటు పోయేలోగా కోసేద్దామండీ” అని మేస్త్రి తొందరపెట్టెను.

టేకు వేసవిని ఆకురాల్చి తొలకరితో చిగిర్చు చెట్టగుటచే ఏటికొక వలయము పెట్టును. వానలు కురిసిన యేడు వెడల్పు, కరవేడు సన్నము. పుణెలోని వాతావరణ శాస్త్రజ్ఞులు కేరళ టేకులనుండి 1481 మొదలు 2003 వరకు 523 ఏండ్ల వరుసను కూర్చి, అందు ఎల్‌నినో కరవుల జాడలను చదివిరి. మన దివిసీమ గట్లమీది తాడికిని కొబ్బరికిని ఈ విద్య లేదు; ఎన్ని ఉప్పెనలు చూచినను అవి వలయము పెట్టవు.

కృష్ణ కాలువల చివరి భూముల రైతుపై నా పక్షపాతము ఈ శీర్షిక చదువువారికి పాతదే. కృష్ణ నీటిని పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుండి 1971-72 దాక 78 ఏండ్ల ప్రవాహమును చూచి, నూటికి డెబ్బదియైదేండ్లు నమ్మదగిన నీరు 2060 టీఎంసీలని తేల్చినది. గుంటూరు మండలమును మాడ్చిన 1832-33 నాటి నందన కరవు ఆ లెక్కకు వెలుపలిది. అప్పటికి బెజవాడ ఆనకట్టయే లేదు, అది పూర్తియైనది 1855లో. అమెరికాలో కొలరాడో నీటిని 1922లో పంచుకొన్నవారు ఆధారముగా గొన్న యేండ్లు నాలుగు శతాబ్దములలో మిక్కిలి తడియైనవని 1976లో చెట్లు బయటపెట్టినవి. కావున కృష్ణకును చెట్టునే సాక్షిగా పిలువవలెనని ఎన్ని వారములు వ్రాసితినో!

అంతలో తాతగారు జ్ఞాపకమునకు వచ్చిరి. పండుగనాడు చుట్టములను దూలము క్రింద నిలిపి, ఇది రంగూనులో బేరమాడి ఓడమీద బందరు రేవున దింపించిన బర్మా టేకు సుమా యని, కఱ్ఱతో దానిని తట్టి ధ్వని వినిపించువారు; మేము పిల్లలము ఆ ధ్వనికై కాచుకొనువారము. ఆ గొప్ప నిజమైనచో, నేను లెక్కించిన వానలు ఐరావతీ తీరమువి! పోనీ, నల్లమల చెట్టే యనుకొన్నను, మన వరదకు పుట్టినిల్లు మహాబలేశ్వరపు సహ్యాద్రి. పైగా చెట్టు తనకు చాలినంత త్రావి, మిగిలినదానిని వ్రాయదు. కరవునకు మంచి లేఖకుడే గాని వరదకు కాదు. 1977 నవంబరు 19న వేలమందిని మ్రింగిన దివిసీమ ఉప్పెనను ఏ టేకు వలయము పట్టి చెప్పగలదు? ఏటి నీటిమట్టము చూపు పాత కొలతకఱ్ఱను, కరణాల జమాబందీని నేను చిన్నచూపు చూచుట పొరపాటనియే తోచుచున్నది.

బెరడువైపు అంచును ఏ వడ్రంగియో ఏనాడో చెక్కివేసినందున, చెట్టు కొట్టిన యేడును తెలియకపోయెను. మేస్త్రిని కానిమ్మంటిని. రెండు తలుపులకు చాలునట.