హత్య కన్నా ముందు అప్పు

లూసియా హాలీకి అయిదు వేల డాలర్లు కావాలి. ఎందుకు కావాలో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. పదిహేడేళ్ల కూతురు ఒక పనికిమాలిన మనిషి మాయలో పడి అతనికి ఉత్తరాలు రాసింది. ఆ మనిషి ఒక పొద్దున్న పడవల షెడ్డు దగ్గర శవమై లూసియా కంటపడ్డాడు. ముందురోజు రాత్రి అతన్ని తోసింది ఆమె ముసలి తండ్రి. తన చేతి తోపుకి మనిషి పోయాడని ఆయనకి తెలియనే తెలియదు. లూసియా ఎవరినీ లేపలేదు. శవాన్ని తనే పడవలో వేసుకుని ఒక దీవి మీద వదిలేసి వచ్చి ఇంటిపనిలో పడింది. ఆ తర్వాత డానెల్లీ అనేవాడు గుమ్మంలోకి వచ్చాడు. కూతురి ఉత్తరాలు వాడి చేతిలో ఉన్నాయి. వాడు అడిగిన వెల అయిదు వేలు. భర్త చూస్తే యుద్ధంలో, ఎక్కడో పసిఫిక్ సముద్రం మీద ఉన్నాడు.

ఇది ఎలిజబెత్ శాంక్సే హోల్డింగ్ 1947లో రాసిన ‘ద బ్లాంక్ వాల్’. కథంతా చెప్పేస్తున్నానని నొచ్చుకోకండి. ఈ రకం నవలల్లో మంచివి కథ తెలిసినా చదివిస్తాయి, తెలిస్తే చదివించనివి ఎలాగూ చదవనక్కర్లేదు. ఎవరు చంపారన్నది మనకి మొదట్లోనే తెలుసు. డిటెక్టివ్ నవల జరిగిపోయినదాన్ని తవ్వుతుంది. ఇక్కడ భయమంతా జరగబోయేదాని గురించి. ఈవిడ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తుంది, తెచ్చేలోపు ఇంట్లోవాళ్లు ఎవరైనా కనిపెడతారా అన్న ఆదుర్దా మనల్ని పట్టుకుని కూర్చోబెడుతుంది.

ఇలాంటి రచనల్ని ఇంగ్లీషువాళ్లు డొమెస్టిక్ సస్పెన్స్ అంటున్నారు. మరుగున పడిన రచయిత్రుల కథలు ఏరి 2013లో సారా వైన్‌మన్ ఒక సంకలనం తెచ్చాక ఆ పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. వీటి గురించి రాసేవాళ్లు ఎక్కువగా పెళ్లి గురించీ, అనుమానం గురించీ, మొగుడూ పెళ్లాల మధ్య దాచిన నిజాల గురించీ రాస్తారు. అవన్నీ ఉన్నమాట నిజమే. కానీ ఈ కథల్ని నడిపేది ఇంటి జమాఖర్చుల పుస్తకమని నా అభిప్రాయం. రహస్యం అప్పులాంటిది. తీసుకున్ననాడు చిన్నదే, రోజు గడిచేకొద్దీ వడ్డీ ఎక్కుతుంది. ఈ సంగతి తెలిసిన రచయిత చేతిలో కత్తీ, తుపాకీ లేకపోయినా కథ నడుస్తుంది.

లూసియా డబ్బు వెతుక్కునే తీరు చూడండి. నగలు తాకట్టు పెట్టాలని చూస్తుంది. అప్పులిచ్చే కంపెనీ మెట్లెక్కుతుంది. ఇల్లూ పిల్లలూ పరువూ ఉన్న మధ్యతరగతి ఇల్లాలు ఆమె. తన పేరున మాత్రం ఏమీ లేదు. భర్త పక్కన లేని ఆడమనిషి చేతిలో అంత మొత్తం ఎవరూ పెట్టరు. ఇది హోల్డింగ్ కథ కోసం అల్లిన ఇబ్బంది కాదు. అప్పిచ్చేటప్పుడు ఆడా మగా అనీ, పెళ్లయిందా లేదా అనీ తేడా చూడకూడదని అమెరికా చట్టం చేసింది 1974లో. లూసియా ఆ మెట్లెక్కినప్పటికి దానికి ఇంకా పాతికేళ్ల పైమాటే.

ఆమె బయటికి వెళ్లాలంటే ఇంట్లో ప్రతివాళ్లకీ జవాబు చెప్పాలి. కొడుకు ఎక్కడికమ్మా అంటాడు. తండ్రి వేళకి టీ కావాలంటాడు. కూతురు మొహం ముడుచుకుని కూర్చుంటుంది. యుద్ధకాలం కనుక రేషన్ పాయింట్లు చూసుకుంటూ సరుకులు తేవాలి. బెదిరించేవాడితో బేరం ఒకపక్క, రాత్రి వంటకి మాంసం మరోపక్క. రెండూ ఒకే మధ్యాహ్నం తేలాలి. మామూలు థ్రిల్లరులో హీరోని విలన్ అడ్డుకుంటాడు. లూసియాని ప్రేమగా చూసుకునే సొంతవాళ్లే అడ్డుకుంటారు. ఆ ఇంట్లో ఆమెకి ఒంటరిగా పది నిమిషాలు దొరకవు. రాత్రి కూర్చుని భర్తకి ఉత్తరం రాస్తుంది. అందరం క్షేమం అని తప్ప అందులో ఏమీ ఉండదు. ఆ చప్పటి ఉత్తరాలు చదువుతుంటే శవాన్ని చూసినప్పటికన్నా ఎక్కువ ఒళ్లు జలదరిస్తుంది. ఇంటి పనంతా మోసే సిబిల్ అనే నల్లజాతి మనిషికి మాత్రం చాలా సంగతులు తెలుస్తాయి. ఆమె ఏమీ అడగదు, కాపాడుతుంది. యజమానురాలికి తన ఇంటి గురించి తెలిసినదానికన్నా పనిమనిషికి ఎక్కువ తెలుసన్న మాట హోల్డింగ్ ఎక్కడా గట్టిగా చెప్పదు. చెప్పకపోవడమే బాగుంది.

హోల్డింగ్‌కి డబ్బు ఇబ్బంది పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 1920లలో ఆమె గంభీరమైన సాంఘిక నవలలు రాసేది. 1929లో షేర్ మార్కెట్ కూలాక అవి గిట్టుబాటు కాక నేర కథల వైపు మళ్లింది. సస్పెన్స్ రాసేవాళ్లలో ఈవిడే అందరికన్నా పైన అని రేమండ్ చాండ్లర్ తన ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. ‘ద బ్లాంక్ వాల్’ని 1949లో మాక్స్ ఓఫుల్స్ ‘ద రెక్లెస్ మూమెంట్’గా తీశాడు. 2001లో టిల్డా స్వింటన్‌తో ‘ద డీప్ ఎండ్’గా మళ్లీ వచ్చింది. ఈసారి అడిగిన డబ్బు యాభై వేలు. యాభై ఏళ్లలో సున్నా ఒకటి పెరిగింది, తల్లి పరుగు మాత్రం అదే.

అంకె ముందే చెప్పడం ఈ సంప్రదాయంలో పాత కిటుకు. విల్కీ కాలిన్స్ 1859-60లో సీరియల్‌గా రాసిన ‘ద వుమన్ ఇన్ వైట్’లో లారా ఫెయిర్లీ పెళ్లికి ముందు లాయర్ గిల్మోర్ చెప్పే భాగం ఒకటుంది. కొత్తగా చదివేవాళ్లు దాన్ని విసుగని దాటేస్తారు. దాటేస్తే నష్టం వాళ్లదే. లారా సొంత సొమ్ము ఇరవై వేల పౌండ్లు. పిల్లలు లేకుండా ఆమె పోతే ఆ మొత్తం భర్తకి చెందాలని పెళ్లికొడుకు సర్ పెర్సివల్ తరఫు లాయరు పట్టుపడతాడు. తన సొమ్ము తనకి ఇష్టమైనవాళ్లకి రాసుకునే వీలు లారాకి ఉండాలని గిల్మోర్ మొత్తుకుంటాడు. సంరక్షకుడైన బాబాయి నీరసం నటిస్తూ, పడక్కుర్చీలో కదలకుండా దేనికైనా సరే అంటాడు. అయిపోయింది. ఆ అమ్మాయి చనిపోతే ఒకడికి ఇరవై వేలు వస్తాయి, ఆ ఒకడికి పీకలదాకా అప్పులున్నాయి. ఇంకా ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు, పాఠకుడికి మాత్రం చెమట పడుతుంది.

తర్వాత వచ్చే సంతకం ఘట్టం ఇంకా బాగుంటుంది. పెర్సివల్ ఒక దస్తావేజు తెస్తాడు. దాన్ని మడతల మీద మడతలు పెట్టి, సంతకం పెట్టాల్సిన చివరి మడత ఒక్కటే విప్పి చూపిస్తాడు. ఇందులో ఏముంది అని భార్య అడుగుతుంది. నీకు అనవసరం, పెట్టు అంటాడు. చదవకుండా పెట్టనంటుంది లారా. నవలలో ఎన్నో మలుపులున్నా ఆ మడత కాగితమంత భయపెట్టింది నాకు ఇంకోటి లేదు. చదవని కాగితం మీద సంతకాలు పెట్టిన ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో లెక్క తీసేవాళ్లు లేరు.

ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ ఆస్తి ఆమెదేనని పూర్తిగా ఒప్పుకున్న మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ చట్టం 1882లో వచ్చింది. ఆ పేరుతోనే మన దేశంలో 1874 చట్టం ఒకటుంది. భర్త తన జీవిత బీమాని భార్యాబిడ్డల కోసం దాని కింద రాయిస్తే ఆ సొమ్ము జోలికి అప్పులవాళ్లు రాలేరు. ‘ఎమ్‌డబ్ల్యూపీలో పెట్టించండి సార్’ అని బీమా ఏజెంట్లు ఇప్పటికీ చెప్పేది దాని గురించే. అప్పులు చేసి పోయే మొగుళ్ల భయం కాలిన్స్ పాఠకులకీ, మన బీమా ఏజెంట్లకీ ఒకటే.

ఎలెన్ వుడ్ ‘ఈస్ట్ లిన్’లో అయితే దివాలా తీసిన ప్రభువు చనిపోగానే అప్పులవాళ్ల మనుషులు ఇంట్లో జొరబడి శవాన్నే జప్తు చేస్తారు. ఒక్కగానొక్క కూతురు ఇసబెల్ చేతిలో చిల్లిగవ్వ ఉండదు. కార్లైల్ అనే లాయరు వెళ్తూ వెళ్తూ ఆమె చేతిలో వంద పౌండ్ల నోటు కుక్కి పోతాడు. తర్వాత ఆమె అతన్నే పెళ్లి చేసుకుంటుంది. ఆ పెళ్లి ఎందుకు నిలవలేదో చెప్పడానికి వుడ్‌కి వందల పేజీలు పట్టింది. నాకు ఆ నోటు దగ్గరే తెలిసిపోయింది. మేరీ ఎలిజబెత్ బ్రాడన్ 1862 నవల ‘లేడీ ఆడ్లీస్ సీక్రెట్’లో మొగుడు బంగారం కోసం ఆస్ట్రేలియా పోతాడు, చంటిబిడ్డతో దిక్కులేక మిగిలిన భార్య పేరు మార్చుకుని ఒక ధనవంతుణ్ని చేసుకుంటుంది. అప్పటి విమర్శకులు ఇలాంటి నవలల్ని నీతిమాలినవని తిట్టిపోశారు. ఆ ఆడమనిషి మొదటి మొగుడు వెళ్లాక ఇల్లెలా గడిచిందని ఎవరూ అడిగినట్టు లేదు.

మనకీ ఈ బాణీ కొత్తేమీ కాదు. ‘కన్యాశుల్కం’ తీసుకోండి. పిసినారి ముసలివాడు లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పిల్లని కొనుక్కుంటాడు. వచ్చింది ఆడవేషం వేసిన కుర్రాడు. పెళ్లికూతురు మాయమైపోతుంది, శవం లేకుండానే లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. నడుమ మధురవాణి కంటె ఒకటి చేతులు మారి అందరి గొంతుకీ చుట్టుకుంటుంది. రహస్యం, డబ్బు, బంగారం, మాయమైన పెళ్లాం అన్నీ ఉన్నాయి. గురజాడ మనల్ని నవ్వించాడు కనుక సస్పెన్స్ అనిపించదు గానీ, నవ్వు తీసేస్తే మిగిలేది మంచి నేర కథే.

ఈ దారిలో నేను చదివినవాటిలో అన్నిటికన్నా కఠినమైనది జపాన్ రచయిత్రి మియుకి మియాబె 1992లో రాసిన ‘కాషా’. ఇంగ్లీషులో ‘ఆల్ షీ వాజ్ వర్త్’ అని దొరుకుతుంది. బ్యాంకులో పనిచేసే కుర్రాడు కాబోయే భార్యకి క్రెడిట్ కార్డు ఇప్పిద్దామని దరఖాస్తు పెట్టిస్తాడు. ఈవిడ ఇదివరకే దివాలా తీసిందని జవాబొస్తుంది. ఆ తర్వాత ఆమె మాయం. వెతగ్గా తేలేదేమంటే, ఆమె తనది కాని ఇంకో ఆడమనిషి పేరు పెట్టుకుని బతుకుతోంది. ఆ పేరుకి అంతకుముందే దివాలా మచ్చ ఉందని ఆమెకే తెలియదు.

అసలు పేరు వదులుకోవాల్సినంత కష్టం ఎక్కణ్నుంచి వచ్చింది? తండ్రి ఇల్లు కొనడానికి చేసిన అప్పు నుంచి. వాయిదాలు కట్టలేక రాత్రికి రాత్రి ఊరు విడిచి పారిపోయిన కుటుంబం వాళ్లది. పెళ్లి చేసుకుని తలదాచుకుందామంటే వసూలు రౌడీలు అత్తింటికే వచ్చి కూర్చున్నారు. తండ్రి పోయాడని రుజువైతే ఈ పీడ వదులుతుంది. అందుకని ఆమె లైబ్రరీలో కూర్చుని గెజెట్‌లో దిక్కులేని శవాల ప్రకటనలు ఒక్కొక్కటీ వెతుకుతుంది, అందులో తండ్రి ఉండాలని కోరుకుంటూ. పక్కన నిలబడి చూసిన భర్తకి ఆ మొహం మరపురాదు, ఆ కాపురం అంతటితో సరి. మియాబె హత్యని ఎక్కడా కళ్లెదుట చూపించదు. దానికి బదులు క్రెడిట్ కార్డు వ్యాపారం ఎలా నడుస్తుందో, మామూలు జీతగాడు ఎలా ఊబిలో దిగుతాడో ఒక లాయరు చేత పేజీలకు పేజీలు చెప్పిస్తుంది. ఆ పేజీలే నవలకి ఆయువుపట్టు. అవి చదివాక నేరస్తురాలి మీద కోపం రమ్మన్నా రాదు.

ఇప్పుడు ఈ కథలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. 2012లో గిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’ విజయం తర్వాత తలుపు బార్లా తెరుచుకుంది. ఆ నవలలో మొగుడూ పెళ్లాం ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి, భార్య పేరున దాచిన నిధిలోంచి తల్లిదండ్రులే వాడుకుంటారు, మిగిలిన డబ్బుతో మొగుడు బారు పెడతాడు. ఫ్లిన్‌ని అనుకరించినవాళ్లు ఆమె మలుపుల్ని పట్టుకున్నారు, ఈ లెక్కల్ని వదిలేశారు. అందుకే ఆ పుస్తకాల్లో జనం పెద్ద పెద్ద ఇళ్లలో ఊరికే అబద్ధాలాడుకుంటూ ఉంటారు. ఇంటి కిస్తీ ఎవరు కడుతున్నారో పాఠకుడికి అంతుపట్టదు. చివరి అధ్యాయంలో ఎంత పెద్ద మలుపున్నా అలాంటి నవల రెండోసారి చేతిలోకి తీసుకోబుద్ధి కాదు.

తెలుగులో ఇలాంటివి రాయాలనుకునేవాళ్లకి సరుకు కొదవ లేదు. పెళ్లాం మెడలోది బ్యాంకులో పెట్టి నకిలీ గొలుసు తెచ్చిన మొగుడున్నాడు. పాడుకున్న చీటీ డబ్బు ఏమైందో చెప్పని అత్తగారుంది. స్నేహితుడికి హామీ సంతకం పెట్టిన తండ్రీ, ఫోన్‌లో లోన్ యాప్ దించుకుని బంధువులందరికీ మెసేజీలు వెళ్తాయేమోనని వణుకుతున్న కొడుకూ ఉన్నారు. వాళ్లని రాయబోయేవారికి ఒకటే మనవి. శవాన్ని కాసేపు పక్కన పెట్టండి. అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, ఎవరికి తెలియకూడదో మొదటి పది పేజీల్లో మాకు చెప్పండి. మిగతా భయం మేం పడతాం.