కార్ఖానా చేయని తూటా

ఏ ఆయుధాల దుకాణానికి వెళ్ళి అడిగినా దొరకని తూటాలు కొన్ని ఉన్నాయి. ఏ కార్ఖానా జాబితాలోనూ వాటి పేరుండదు. కాల్చాలనుకున్నవాడే వాటిని తయారుచేసుకోవాలి, అవి పట్టే అరను తన రైఫిల్లో తొలిపించుకోవాలి. అమెరికాలో వీటిని వైల్డ్‌క్యాట్ తూటాలంటారు. నూరేళ్ళు దాటిన ఈ సంప్రదాయాన్ని వేగం పిచ్చి అని తీసిపారేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మాత్రం దీన్ని కొలత మీద నిలబడ్డ చేతిపనిగా చూస్తాను. చేతిలో ఉన్న రైఫిల్ ఎంతవరకు తట్టుకోగలదో తెలుసుకుని, ఆ హద్దు దాటకుండా దానిచేత ఇంకాస్త మంచి పని చేయించడమే ఇందులోని విద్య.

ఈ విద్య ఎక్కువగా పెరిగింది పొలాల గట్ల మీదే. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉడ్‌చక్ అనే బొరియల జంతువు ఉంది. పిల్లి కంటే కాస్త పెద్దది. పచ్చిక బయళ్ళలో, పశుగ్రాసపు చేలల్లో బొరియలు తవ్వుతుంది. ఆ గోతుల్లో గుర్రాల కాళ్ళు పడతాయి, యంత్రాల చక్రాలు దిగబడతాయి. పడమటి మైదానాల్లో ఇదే గొడవ ప్రెయిరీ డాగ్‌లతో. ఇలాంటి చిన్న జంతువుల వేటకు వాడేదే వార్మింట్ రైఫిల్. గురి చిన్నది, దూరం రెండు వందల గజాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అందుకని తేలికపాటి గుండు అతి వేగంగా, దాదాపు తిన్నగా పోవాలి. పైగా చుట్టూ ఇళ్ళు, పశువులు ఉంటాయి కాబట్టి గుండు నేలకు తగిలి ఎగిరి ఎటో పోకూడదు, తగిలిన చోటే ముక్కలైపోవాలి. శబ్దం కూడా తక్కువుంటే పక్క పొలం రైతు నొచ్చుకోడు. ఇన్ని కోరికలకూ సరిపడే తూటా 1920లలో బజారులో లేదు.

అప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంతో సంబంధమున్న కొందరు ఔత్సాహికులు పాత తూటాల వైపు చూశారు. వాళ్ళలో టౌన్‌సెండ్ వీలెన్, గ్రోవనర్ వాట్‌కిన్స్ అనే సైనికాధికారులు ముఖ్యులు. 1885లో వించెస్టర్ కంపెనీ నల్ల తుపాకిమందు కోసం చేసిన .22 డబ్ల్యూసీఎఫ్ తూటా అప్పటికి మూలన పడి ఉంది. దాని ఇత్తడి కేసులో పొగరాని మందు పోసి, తేలికపాటి గుండు బిగించి చూస్తే అది కొత్త జన్మ ఎత్తింది. అదే .22 హార్నెట్. 1930లో వించెస్టర్ ఆ తూటాను అమ్మకానికి పెట్టింది. విశేషమేమంటే ముందు తూటా వచ్చింది, దాని కోసం కంపెనీలు చేసిన రైఫిళ్ళు ఆ తర్వాత వచ్చాయి. ఆ మధ్యకాలంలో జనం ఉన్న రైఫిళ్ళనే మార్పించుకుని కాల్చారు.

హార్నెట్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. దాని కేసు మొదలు నుంచి మెడ దాకా వాలుగా సన్నబడుతూ పోతుంది. ఒళ్ళు మెడవైపు తిరిగే చోటైన భుజం ఉందా లేదా అన్నట్టు, ఆరు డిగ్రీల లోపే ఉంటుంది. కాల్చినప్పుడల్లా ఇత్తడి ఆ వాలు వెంట ముందుకు సాగుతుంది. నాలుగైదుసార్లు మందు నింపి కాల్చేసరికి మెడ పొడుగవుతుంది, గోడ పలచబడుతుంది, చివరికి చీలుతుంది. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన లైల్ కిల్‌బోర్న్ 1940 ప్రాంతంలో దీనికి విరుగుడు కనిపెట్టాడు. కేసు ఒంటిని దాదాపు నిటారుగా నిలబెట్టి, భుజాన్ని 35 డిగ్రీలకు తిప్పాడు. దీన్నే కె-హార్నెట్ అంటారు. లోపలి చోటు కొంచెం పెరిగింది, గుండు వేగం సెకనుకు సుమారు వంద నుంచి రెండు వందల అడుగులు పెరిగింది. నిటారు గోడ, నిక్కచ్చి భుజం ఉన్న కేసు ముందుకు సాగడం తగ్గి ఎక్కువసార్లు పనికొచ్చింది. నా లెక్కలో వేగం కంటే ఈ రెండోదే పెద్ద లాభం.

హార్నెట్ రైఫిల్‌ను కె-హార్నెట్‌గా మార్చడం వైల్డ్‌క్యాట్ పనులన్నిటిలోకీ సరళమైనది. అందుకే ఈ విద్య ఎలా నడుస్తుందో చూడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. బ్యారెల్ మార్చనక్కర్లేదు, వెనకనుంచి తూటాను మూసి పట్టే బోల్ట్‌ను ముట్టనక్కర్లేదు, గుండు వ్యాసమూ అదే. మారేదల్లా బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే అర, అంటే ఛాంబర్. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ముందుగా ఉన్న ఛాంబర్‌ను శుభ్రం చేసి, తక్కువ వేడికే కరిగే లోహాన్ని అందులో పోసి అచ్చు తీస్తాడు. ఆ అచ్చును మైక్రోమీటర్‌తో కొలిస్తే లోపల అసలు ఏముందో తెలుస్తుంది. పాత హార్నెట్ బ్యారెళ్ళ వ్యాసం తర్వాతివాటికంటే వెంట్రుకవాసి తక్కువ, కాబట్టి బ్యారెల్ మీద కొట్టిన పేరు చూసి ఊరుకోకూడదు.

ఆ తర్వాత రీమర్ పని. రీమర్ అంటే కొత్త ఛాంబర్ ఆకారంలోనే నూరిన ఉక్కు పనిముట్టు, ఒంటి చుట్టూ నిలువుగా కోత అంచులుంటాయి. దాని ముక్కున పైలట్ అనే నున్నటి కడ్డీ ఉంటుంది. అది బ్యారెల్ రంధ్రంలో ఇమిడిపోయి రీమర్‌ను పక్కకు తొలగనివ్వదు. కోత నూనె బాగా పట్టించి, ఒకే వైపు మెల్లగా తిప్పుతూ కాస్త కోసి బయటికి తీయాలి. ఉక్కు రజను తుడిచి, మళ్ళీ నూనె రాసి, మళ్ళీ దింపాలి. వెనక్కి తిప్పితే కోత అంచు మొద్దుబారుతుంది. రజను ఉండగా తిప్పితే ఛాంబర్ గోడ మీద గీత పడుతుంది. ఆ గీత ప్రతి ఇత్తడి కేసు మీదా అచ్చుపడుతుంది, కేసు వెనక్కి రాకుండా పట్టేస్తుంది. ఇక్కడ కోసే లోహం చాలా కొద్ది. పని వేళ్ళకు తెలుస్తుంది: మొదట గరగరమంటూ తిరిగిన రీమర్ భుజం దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా బరువెక్కుతుంది. అక్కడినుంచి ప్రతి చుట్టుకూ ఆగి కొలవాలి.

ఎందుకంత జాగ్రత్త? హెడ్‌స్పేస్ కోసం. బోల్ట్ ముఖానికీ, తూటాను ఇంక ముందుకు పోకుండా ఆపే చోటుకూ మధ్య ఉండే దూరమది. హార్నెట్ తూటాకు అడుగున పెదవి లాంటి అంచు ఉంది. ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైబడ్డ ఆ అంచే తూటాను ఆపుతుంది. రీమర్ ఆ అంచు కూర్చునే గాడిని తాకీ తాకకుండా ఆగాలి. గాడి లోతు మారకపోతే హెడ్‌స్పేస్ మారదు. లోతు పెరిగితే పేలుడు వేళ కేసు వెనక్కి జరిగి, అడుగుకు కాస్త పైన తెగిపోయే ప్రమాదముంది. అందుకే చివర్లో రెండు గేజ్‌లతో పరీక్ష: 'గో' గేజ్ పెడితే బోల్ట్ హాయిగా మూసుకోవాలి, 'నో-గో' గేజ్ పెడితే మూసుకోకూడదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గితేనే పని పూర్తయినట్టు. ఆ తర్వాత బ్యారెల్ మీద కొత్త తూటా పేరు చెక్కడం తప్పనిసరి. రేపు ఆ రైఫిల్ ఎవరి చేతికి వెళ్ళినా లోపల ఏముందో వాళ్ళకు తెలియాలి.

రైఫిల్ సిద్ధం, మరి తూటా? ఇక్కడే ఈ సంప్రదాయంలోని అందమంతా ఉంది. కొత్త ఛాంబర్‌లో మామూలు హార్నెట్ తూటానే పెట్టి కాలుస్తారు. అంచు యథాస్థానంలో ఆపుతుంది కాబట్టి ప్రమాదం లేదు. పేలుడు ఒత్తిడికి ఇత్తడి గోడ ఉబ్బి, కొత్త ఛాంబర్ గోడను అంటుకుని, ఆ ఆకారం తీసుకుంటుంది. లోపలికి వాలుగా వెళ్ళిన కేసు నిటారుగా, భుజం తిరిగి బయటికొస్తుంది. దీన్ని ఫైర్ ఫార్మింగ్ అంటారు. అలా మారిన కేసు ఇక మామూలు హార్నెట్ రైఫిల్లో పట్టదు. పాతది కొత్తదాంట్లో పడుతుంది, కొత్తది పాతదాంట్లో పట్టదు. ఒకవేళ ఎక్కడా కె-హార్నెట్ కేసులు లేకపోయినా దుకాణంలో దొరికే హార్నెట్ తూటాతో రైఫిల్ పని నడుస్తుంది.

ఇత్తడి గుణం తెలియనివాడు ఇందులో ముందుకు పోలేడు. సాగిన కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసెక్కుతుంది. మన పెంబర్తి కంచరులు రేకును సుత్తితో సాగగొడుతూ మధ్యమధ్య నిప్పులో కాల్చి మెత్తబరచుకున్నట్టే, ఇక్కడా కేసు మెడనూ భుజాన్నీ మాత్రం వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగు భాగాన్ని ఎప్పుడూ వేడి తగలనివ్వరు. ఒత్తిడిని మోసేది అదే కాబట్టి అది గట్టిగానే ఉండాలి.

ఇక ఏ రైఫిల్‌నైనా ఏ తూటాకైనా మార్చవచ్చా అంటే, లేదు. హార్నెట్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 49,000 పౌండ్లు. .22-250 రెమింగ్టన్‌ది 65,000. రెండింటి గుండు వ్యాసం ఒక్కటే అయినా, మొదటిదాని కోసం చేసిన చిన్న రైఫిల్ రెండోదాన్ని మోయలేదు. రెండోదాని కేసు అడుగు వెడల్పు కాబట్టి బోల్ట్ ముఖానికి ఆనదు, మ్యాగజైన్‌లో పట్టదు. బ్యారెల్ లోపల గుండును తిప్పే గాడుల మెలిక కూడా చూసుకోవాలి. హార్నెట్ బ్యారెళ్ళలో ఆనవాయితీగా పదహారు అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. తేలికైన పొట్టి గుండ్లకు అది చాలు. పొడవాటి బరువు గుండు పెడితే అది నిలకడగా తిరగక గాలిలో తడబడుతుంది. కాబట్టి మార్పు తలపెట్టినవాడు ముందు అడగవలసింది ఎంత వేగం వస్తుందని కాదు, ఈ రైఫిల్ దేనికి పుట్టిందని.

ఈ ప్రశ్నను పద్ధతిగా అడిగినవాడు పి.ఓ. ఆక్లీ. 1903లో పుట్టి 1989లో పోయిన ఈ గన్‌స్మిత్ కొలరాడోలోని ట్రినిడాడ్ కళాశాలలో ఈ వృత్తిని పాఠంగా చెప్పాడు. ఎన్నో తూటాలకు నిటారు గోడ, నలభై డిగ్రీల భుజం పెట్టి 'ఇంప్రూవ్డ్' రూపాలు చేశాడు. అంతకంటే విలువైన పని, పాత సైనిక రైఫిళ్ళలో మందు పెంచుకుంటూ పోయి, ఏది ఎప్పుడు పగులుతుందో పరీక్షించి రాయడం. జనం తక్కువగా చూసిన జపాన్ అరిసాకా రైఫిల్ అన్నిటికంటే గట్టిగా నిలిచిందని లోకానికి చెప్పింది ఆయనే. నమ్మకం వేరు, పరీక్ష వేరు అని ఆ ఫలితాలు నేర్పాయి.

ఈ సంప్రదాయంలోని బలహీనతనూ దాచకూడదు. పాతకాలపు వైల్డ్‌క్యాట్ వేగాల్లో చాలావాటికి ఆధారం కొలత కాదు, ఉత్సాహం. ఇంట్లో వేగం కొలిచే సాధనం లేదు, ఒత్తిడి కొలిచే సాధనం అసలే లేదు. మందుకు నిప్పంటించే ప్రైమర్ చదునైందా, కేసు అడుగు ఉబ్బిందా అని చూసి అంచనా కట్టేవాళ్ళు. ఆ గుర్తులు కనిపించేసరికి హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. భుజం మార్చినందువల్ల వచ్చిందనుకున్న వేగం చాలాసార్లు అదనపు మందు వల్ల వచ్చిందే. 1926 నుంచి అమెరికాలో తూటాల కొలతలకు ప్రమాణాలు నిర్ణయిస్తున్న సామి సంస్థ పట్టికలో వైల్డ్‌క్యాట్‌కు చోటుండదు. దాన్ని చేసుకున్నవాడే దానికి ప్రమాణం, దానికి జవాబుదారీ కూడా వాడే.

అయినా కార్ఖానాలు వీళ్ళ వెనకే నడిచాయి. నీడ్నర్ అనే గన్‌స్మిత్ 1920లో చేసిన .25-06ను రెమింగ్టన్ 1969లో స్వీకరించింది. 1930లలో గెబీ, స్మిత్ తదితరులు తీర్చిన .22-250కి 1963లో బ్రౌనింగ్ రైఫిల్ చేసింది. అప్పటికి ఆ తూటాను ఏ కంపెనీ అమ్మడం లేదు. రెండేళ్ళ తర్వాత రెమింగ్టన్ అమ్మింది. 1970లలో పాల్మిసానో, పిండెల్ ఒక రష్యన్ కేసు నుంచి తీర్చిన పీపీసీ తూటాలు బల్ల మీద ఆనించి కాగితపు గురిని కాల్చే పోటీల్లో తిరుగులేనివయ్యాయి. పొలంలో మొదలైన విద్య ప్రాణి జోలికి పోని క్రీడకు ప్రాణం పోసింది.

మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీని మార్చడం, బాగుచేయడం లైసెన్సున్నవారి పనే. కాబట్టి మనకు ఇది ఇంట్లో చేసి చూసే విద్య కాదు. కానీ ఇది నేర్పే క్రమశిక్షణకు సరిహద్దుల్లేవు. ఉన్నదాన్ని పారేయకుండా దాని లోపమెక్కడుందో వెతకడం, మార్చవలసినంతే మార్చి మిగతాదాన్ని ముట్టకపోవడం, చేసిన మార్పును దాని ఒంటి మీదే రాసిపెట్టడం, ఫలితాన్ని కొలిచి అందరికీ చెప్పడం. కిల్‌బోర్న్ కొత్త రైఫిల్ చేయలేదు, కొత్త గుండు చేయలేదు. చిన్న కేసు భుజాన్ని తిప్పాడు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ భుజం నిలిచే ఉంది. చేతిపని గొప్పతనానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు అక్కర్లేదు.