ఒక్క గుంజులో పనితనం

ట్యూబ్‌లెస్ టైరుకు ఇంటిముందే పంక్చర్ వేసుకునే మా బాబాయిని చూస్తే ముచ్చటేస్తుంది. ముందు టైరు మీద సబ్బునీళ్లు చల్లుతాడు. బుడగలు పొంగిన చోటే మేకు. దాన్ని కటింగ్ ప్లయరుతో లాగేసి, బొక్కలో గరుకు పుల్ల పెట్టి నాలుగైదుసార్లు ఆడిస్తాడు. ఆ గరుకు తేలితేనే అతుకు పడుతుంది. తర్వాత దబ్బనంలాంటి సూది కన్నంలో బంకబంకగా ఉండే రబ్బరు వత్తి దూర్చి, జిగురు రాసి, ఒంటి బరువంతా మోపి లోపలికి పొడుస్తాడు. కొసలు అరంగుళం బయట ఉండగానే ఆపి, సూదిని ఒక్క ఉదుటున వెనక్కి గుంజుతాడు. సూది వస్తుంది, వత్తి ఉండిపోతుంది. పనితనమంతా ఆ ఒక్క గుంజులోనే! కొసలు బ్లేడుతో కోసి, గాలి కొట్టి, మళ్లీ సబ్బునీళ్లు. ఒక్క బుడగా లేదు. జాకీ ఎత్తలేదు, చక్రం విప్పలేదు; ఖర్చల్లా ఒక వత్తి. టైరు పక్కభాగం చీలితే మాత్రం వేలు పెట్టడు, దానికి అతుకు నిలవదని తెలుసు. మిగిలే డబ్బుల కన్నా, రాత్రిపూట హైవే మీద పిల్లాపాపలతో ఉన్నప్పుడు ఈ విద్య ఇచ్చే ధీమా గొప్పది. మీ డిక్కీలోనూ ఒక పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు పడేసి ఉంచండి.