ఏ రాజ్యానికి రాజులం?

తెలంగాణ పోరాట సాహిత్యం మీద విమర్శ చదివిన ప్రతిసారీ మేం మమ్మల్ని వెతుక్కుంటాం. నవాబుగా దొరుకుతాం, రజాకారుగా దొరుకుతాం. కష్టజీవిగా దొరికినచోట మాత్రం మా పేరుండదు. 'రైతు' అనో 'కార్మికుడు' అనో ఉంటుంది.

జనగామ నుంచి సూర్యాపేట పోయే తోవలో, కామారెడ్డిగూడెం దగ్గర షేక్ బందగీ సమాధి ఉంది. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి కోర్టుకెక్కాడు. గెలిచాడు. 1940ల మొదట్లో దొర మనుషులు దారికాచి చంపేశారు. దొర అండతో బందగీ మీదికొచ్చిన దాయాదీ ముసల్మానే. దొర హిందువు, సర్కారు నిజాంది. ఇందులో మతాల కొట్లాట ఎక్కడుంది? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ఒరిగిందీ ఆ దొర మనుషుల తుపాకికే. ఈ రెండు పేర్లూ ఒక్క ఊపిరిలో పలకాల్సినవి. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' నాటకానికి ప్రేరణ బందగీ అని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, అతన్ని భూమికి ఒక గుర్తుగా మార్చేసి ముందుకెళ్తారు. గుర్తుకి ఇల్లుండదు, ఇంట్లో మాట్లాడే భాషుండదు.

తప్పు ఒక్క వాళ్ళదే అంటే మేం అబద్ధమాడినట్టే. ఆ రోజుల్లోనే ఇత్తెహాద్ పెద్దలు 'అనల్ మాలిక్' అన్నారు. ప్రతి ముసల్మానూ పాలకుడేనట! 1934లో ఓరుగల్లులో నిజాం పెద్దకొడుకు పేరుమీద ఆజంజాహి మిల్లు లేచింది. పేరు షహజాదాది, పీల్చిన దూది దుమ్ము కూలోళ్ళది. పొద్దున సైరన్ కూతకు గేటు ముందు ఉరికే మా తాతలు ఏ రాజ్యానికి మాలికులు? దూదేకులవాణ్ణి పక్కన కూర్చోనివ్వని షరీఫులు, కూలిలో అతనికి వాటా పెట్టకపోయినా గద్దెలో మాత్రం మాటవరసకు వాటా ఇచ్చారు.

ఆ మాయమాటకు మఖ్దూం మొహియుద్దీన్ బతుకే జవాబు. సిటీ కాలేజీ ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి పోయాడు, అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. ఉర్దూలో రాశాడు. కిషన్ చందర్ 'జబ్ ఖేత్ జాగే' కూడా ఉర్దూ నవలే, 1979 నాటి 'మాభూమి' సినిమాకి ఆధారం అదే. ఉర్దూ అంటే దర్బారు భాషేనని తేల్చిన విమర్శకుడు వీటిని ఏ అరలో సర్దుతాడు?

వర్గం మాటను మేం వదులుకోం. బందగీని కొమురయ్య పక్కన నిలబెట్టేది ఆ మాటే. మా పేరు చెరిపేసి తెచ్చే వర్గం మాత్రం మాకు చాలదు. ఆజంజాహి 2002లో మూతపడింది. కాళేశ్వరం తోవలో భూపాలపల్లి బొగ్గుబాయిలున్నాయి. బాయిలోకి దిగినంతసేపూ మేం కార్మికులమే. పైకొచ్చి ఇల్లు కిరాయికడిగితే ముందు పేరడుగుతారు.