కాసుల పేరు కట్టే చేయి

నిజామాబాద్‌లో అవుసలాయన కాసుల పేరు కడుతుంటే అట్లే నిలబడి చూస్తాను. ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి. వెలిగారం రాసి, ఊదుగొట్టంతో సన్నటి మంట పంపి, అమ్మవారి తలపైన చిన్న రింగు అతుకుతాడు. మంట కొంచెం ఎక్కువైతే ముఖమే కరిగిపోతుంది. ఎంత ఓపిక!

ముఖం చెడకుండా నాణేన్ని నగ చేసే ఈ పనితనం మనకు కొత్త కాదు. క్రీ.శ. 140లో చనిపోయిన రోమన్ మహారాణి ఫౌస్టీనాను దేవతను చేసి, భర్త ఆంటోనినస్ పయస్ ఆమె ముఖంతో బంగారు నాణేలు కొట్టించాడు. ఫౌస్టీనా నాణెం ఒకటి నాగార్జునకొండలో దొరికింది. తెలుగు నేలలో బయటపడ్డ రోమన్ నాణేలు కొన్నిటికి తలపైన జంట బెజ్జాలుంటాయి, మెడలో వేసుకోవడానికి. ముఖం చెడకుండా వేసిన బెజ్జాలవి.

మీ ఇండ్లలో అమ్మమ్మల కాసుల పేర్లుంటే కరిగించకండి. తెగితే అవుసలాయనకే ఇవ్వండి, అతికిస్తాడు.