గూడూరు పచ్చ

గూడూరు 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, ఇక్కడి అభ్రకానికి లోకం ఎరిగిన పేరు నెల్లూరు మైకాయే. జార్ఖండ్‌లోని కోడెర్మా వైపు దొరికేది ఎరుపుఛాయ, మనది ఆకుపచ్చ. ఆ పచ్చ ఎలాంటిదో తెలియాలంటే కలిచేడు, సైదాపురం గనుల దిమ్మ ఒకటి చేతిలోకి తీసుకోవాలి.

ముందు అంచు చూడండి. పొర మీద పొర, లెక్కకు అందవు. రంగు పాతబావి నీళ్లలా ముదురుపచ్చ. కత్తిమొన అంచులో దూర్చి కాస్త ఎత్తితే చిన్న చప్పుడుతో ఒక పలక లేస్తుంది. దాన్ని మళ్లీ చీల్చండి, మళ్లీ. చీల్చినకొద్దీ పచ్చ పలచబడుతుంది. చివరికి చేతిలో మిగిలిన రేకుకు రంగే ఉండదు, వెనకున్న వేలిగీతలు స్పష్టంగా కనబడతాయి. ఒక్కో పొరలో ఉన్న పచ్చ కంటికి ఆనదు. అన్నీ ఒద్దికగా కూడితేనే అంత నిండుదనం! ఈ రాయిలో నన్ను కట్టిపడేసేది ఇదే.

నికెల్ ఇచ్చే పచ్చ తీరు వేరు. న్యూ కాలెడోనియాలో దొరికే గార్నియరైట్ ఖనిజంలో అది మైనం పూసినట్టు లేతగా మెరిసి, చూపును పైనే నిలిపేస్తుంది. అదీ అందమే. గూడూరు పచ్చ ఇనుము చలవ. చూపును లోపలికి లాక్కుపోతుంది.

సిలికా, అల్యూమినా అల్లుకున్న రేకులు గట్టివి. వాటి నడుమ పొటాషియం పట్టు మాత్రం వదులు. అందుకే ఇంత సుళువుగా విడిపోతాయి. రేకును వంచి వదిలితే తటాలున నిటారవుతుంది. 500 డిగ్రీల వేడికి చెక్కుచెదరదు, కరెంటును దాటనివ్వదు. ఇస్త్రీపెట్టెల్లో తీగ చుట్టింది ఇలాంటి రేకుల మీదే, పాత రేడియో వాల్వుల్లో లోపలి భాగాలను ఎడంగా నిలిపింది ఇలాంటి రేకులే.

మొద్దుసూదిని రేకు మీద నిలిపి చిన్న దెబ్బ వేయండి. పగులు ఆరు కిరణాల చుక్కగా విచ్చుకుంటుంది. ఎన్నిసార్లు కొట్టినా అవే దిక్కులు.

కొన్ని రేకుల్లో ఇనుప ఆక్సైడు నల్లమచ్చలై ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఆ మచ్చలు కొమ్మలు వేస్తూ ఒక పద్ధతిలో సాగడం కనిపిస్తుంది. వర్తకంలో మచ్చ రేకుకు ధర తక్కువ, కరెంటు పనికి అది న్యాయమే. కంటికి మాత్రం మచ్చలేని రేకు కన్నా అదే విందు.